ఉప్పు సీసా దిగిన చోటు

మా ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఇంట్లో ఉప్పు సీసా ఉన్నచోట ఉండదు. ఆయన విమానం నడపడం నేర్పే మాస్టారు. భోజనాల బల్ల మీద అట్లకాడ రన్‌వే, ఉప్పు సీసా విమానం. నేను చప్పిడి కూరలకు ఎప్పుడో అలవాటు పడిపోయాను.

ఆ ఆదివారం మా అమ్మాయి, అంటే ఆయన శిష్యురాలే, సీసాను అట్లకాడకు దగ్గరగా చుట్టు తిప్పి దించింది.

"మళ్ళీ అదే! అంత దగ్గరగా తిరిగితే దిగేటప్పుడు కంగారే పిచ్చుకా. వెడల్పుగా వెళ్ళు, తీరిగ్గా దిగు," అన్నారు ఆయన.

"మధ్యలో ఇంజన్ ఆగితే? దగ్గరగా ఉంటేనే కదా నాన్నా, రన్‌వే దాకా తేలుతూ వచ్చేది!"

"ముప్ఫై ఏళ్ళలో నాకెప్పుడూ ఆగలేదు."

"ఆగడానికి నీ పర్మిషన్ తీసుకోవాలా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అమ్మాయి ఒంటరిగా ఎగరాలంటే తన లాగ్‌బుక్‌లో ఆయన సంతకం కావాలి. పద్ధతి మార్చుకునేదాకా పెట్టనని మూడోసారి తేల్చేశారు.

గురువారం ఆయన పనిచేసే ఫ్లయింగ్ క్లబ్ మెకానిక్ ఫోన్ చేశాడు. "అక్కా, సార్ బాగానే ఉన్నారు," అని మొదలుపెట్టాడు. బాగానే ఉన్నవాళ్ళ గురించి ఎవరు ఫోన్ చేస్తారు? దిగే ముందు చుట్టు తిరుగుతుంటే ఇంజన్ ఆగిందట. రన్‌వే కనిపిస్తూనే ఉందట, అందలేదట. కంచె అవతల దున్నిన చేలో పడ్డారట.

ఫోన్ పెట్టేసి, ఆరిన బట్టలు మడతపెట్టాను. అన్నీ. ఆయన సాక్సులు జతలు కలిపాను. అప్పుడు చెప్పులేసుకున్నాను.

ఆసుపత్రిలో ఆయన కాలికి కట్టు, నుదుటి మీద కుట్లు. ఎన్ని కుట్లని నర్సును అడిగాను. ఆవిడ చెప్పిన అంకె వెంటనే మరిచిపోయాను. అమ్మాయి మంచం పక్కన నిలబడి దుప్పటి సర్దింది, 'నేను చెప్పానా' అనకుండా. నోరు నా పోలికే, ఎలా ఆపుకుందో!

భోజనం ట్రే వచ్చింది. ఆయన చెంచాను అడ్డంగా పెట్టి ఉప్పు పొట్లం కోసం తడిమారు. అందించాను. చెంచాకు దూరంగా తిప్పి, మలుపులో ఆపి, అక్కడినుంచి నెమ్మదిగా జరిపారు. చెంచా అందకుండానే ట్రే మధ్యలో వేలు ఆగిపోయింది.

"లాగ్‌బుక్ తెచ్చావా, పిచ్చుకా?"

"ఇప్పుడెందుకు నాన్నా?"

"సంతకం పెడతాను. నువ్వు చెప్పిందే సరైంది. తప్పు నాదే."