ఒక్క పూటలో మూసిన పన్ను

హన్మకొండ చౌరస్తాలో పళ్ల డాక్టరు సుందర్ రావుకు హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరే ఆయన కొంప ముంచింది. పేరొచ్చిన మనిషికి తన చేతి మీద అనుమానం పుట్టదు కదా!

డెబ్బైతొమ్మిది వానాకాలంలో కొత్తవాడ నుంచి రాజక్క వచ్చింది. మగ్గం మీద జంపఖానాలు నేసే మనిషి. కింది దవడ పన్ను నెల రోజులుగా ప్రాణం తీస్తోంది. సుందర్ రావు పంటి వేర్లలో కుళ్లిన నరం తీసి, కడిగి, సన్నటి కాగితపు పుల్ల లోపల పెట్టి చూశాడు. అది తడిగా, కాస్త వాసనతో బయటికొచ్చింది. లోపల ఇంకా చీముందన్నమాట.

"మందు దూది పెడతానమ్మా. వారం తర్వాత మళ్లీ రావాలి," అన్నాడు.

"మళ్లొచ్చుడు నాతోని కాదు సార్. మీ కాల్మొక్త, ఇయాల్నే కానియ్యున్రి."

సుందర్ రావు మెత్తబడ్డాడు. గాజు పలక మీద జింకు పొడినీ లవంగ నూనెనూ ముద్దగా కలిపాడు. ఈ ఘాటుకు ఏ క్రిమైనా చస్తుందిలే అనుకున్నాడు. ఆ ముద్ద పచ్చిగా ఉన్నప్పుడే బాగా చంపుతుందనీ, గట్టిపడ్డాక దాని బలం తగ్గుతుందనీ, చీమున్న చోట దాన్ని నమ్ముకోకూడదనీ చదువుకున్నవాడే. తెలిసీ మూసేశాడు.

నాలుగో రోజుకు రాజక్క గడ్డం కింద వాచి మెడ బిగుసుకుపోయింది. ఆరో రోజు పెద్ద దవాఖానలో ఊపిరాడక చనిపోయింది. కబురు విన్న పూట సుందర్ రావు అన్నం ముట్టలేదు. కానీ కొత్తవాడ ముఖం కూడా చూడలేదు. ఏదో విషజ్వరమని వాడలో అనుకుంటుంటే విని ఊరుకున్నాడు. ఏం చదువు, ఏం మర్యాద!

ఏడాది తర్వాత ఒక ఉదయం రాజక్క మొగుడు సారయ్య దవడ పట్టుకొని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మా రాజక్కకు పెట్టిన మందే నాగ్గూడ పెట్టున్రి సార్. ఒక్క పూటల నొప్పి గుంజేసిన్రు. ఇంటికొచ్చి ఎంత మంచిగ పండుకున్నదో! ఆనక ఆ పాడు జరమొచ్చె. మా నసీబు." సారయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఆ దండం సుందర్ రావు భరించలేకపోయాడు.

"జరం కాదు సారయ్యా. లోపల చీముందని తెలిసే పన్ను మూసిన. ఆ చీమే మెడకు దిగింది. తప్పు నాది."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. సారయ్య దవడ మీంచి చెయ్యి తీసేశాడు.

"మళ్ల రమ్మన్లేదా సార్ మీరు?"

"వారానికి రమ్మన్న. ఇయాల్నే కానియ్యమని బతిమాలింది. అయినా నేను ఒప్పుకోవద్దుండె."

సారయ్య చివరి మాట వినిపించుకోలేదు. తల పట్టుకొని ముందుకు వంగిపోయాడు.

"నేనే సార్. సొసైటీకి జంపఖానాలియ్యాలె, ఆర్డరున్నది, ఒక్కనాడే కానిచ్చుకొని రా, రెండోపాలి పోతనంటే కాళ్లిరగ్గొడ్త అని నేనే అన్న. పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లేటప్పుడు అన్న."