పత్తి బండిలో దొరికిన అల్లుడు

కాశప్పకు ఆలూరు పక్కన రెండు చెక్కల మెట్ట పొలం, వీణ అని ఒక్కగానొక్క కూతురు, తన మీద కట్టిన ఒక పాట ఉన్నాయి. పొలానికి వాన రావాలి. కూతురు రేపోమాపో అత్తారింటికి పోతుంది. చచ్చేదాకా నాదే అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోదగ్గది ఆ పాటొక్కటే. అదేమీ గాలి పాట కాదు. చెక్కభజన గురువు దేవేంద్రప్ప కట్టిన పాట. కోడుమూరు సంతలో, మాధవరం తిరునాళ్లలో, చెక్కలు పట్టిన ప్రతి జట్టూ పాడే పాట. ఈ మధ్య షేర్ ఆటోల్లో సెల్లుల్లో కూడా మోగుతోంది. అది మోగినప్పుడల్లా కాశప్ప మీసం దువ్వుకుని, ఆటోలో ఎవరూ అడక్కపోయినా, "అది నా కతేలేప్పా" అని చెప్పేవాడు.

ఆ కథేమిటంటే, ముప్పై ఏళ్ల కిందట కాశప్ప పక్క ఊరి సిద్దప్ప కూతురు రామక్కను ప్రేమించాడు. సిద్దప్పకు నలభై ఎకరాలు, నలభై ఎకరాలకు సరిపడా కోపం. ఒక సాయంత్రం కాశప్ప గాజులు కొనుక్కుని సిద్దప్ప పెరట్లోకి దూరాడు. రామక్క కనపడకముందే సిద్దప్ప దగ్గు వినపడింది. ఎటూ దారి లేక, తెల్లారితే ఆదోనికి పోవాల్సిన పత్తి ట్రాలీలోకి దూకి, తల మీదికి పత్తి లాక్కున్నాడు. సిద్దప్ప అరుగు మీదే మంచం వేసుకున్నాడు. లోపల వెచ్చగా ఉంది. వీరుడికి నిద్ర పట్టింది.

మెలకువ వచ్చింది ఆదోని మార్కెట్ యార్డులో. అక్కడ పత్తి కొనే సేట్లు పైపైన చూసి మోసపోరు. భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి పింజ పీకి చూస్తారు. ఆ సంగతిని దేవేంద్రప్ప ఇలా కట్టాడు:

ఆదోని యార్డులో బారులుగ బండ్లు
అందులో ఉన్నాది సిద్దప్ప పత్తి
పింజ చూతామని పీకినాడు సేటు
మీసమొచ్చె చేతికి, మూల్గొచ్చె లోన!

మనిషిని బయటికి లాగాక యార్డంతా ఒకటే గోల. దొంగ అని ఎవరూ అనలేదు. పత్తి బరువు పెరగడానికి నీళ్లు చల్లేవాళ్లను చూశారు, రాళ్లు వేసేవాళ్లను చూశారు. సిద్దప్ప ఏకంగా మనిషినే వేశాడన్నారు. నిక్కచ్చి రైతని పేరున్న సిద్దప్పకు తల కొట్టేసినట్టయింది. ఆ మంటలో, పదిమంది ముందర, అతని నోట ఒక మాట వచ్చేసింది:

రాళ్లు పెట్టలేదు, రప్ప పెట్టలేదు
కాపలాకు పెట్టినాను కన్నబిడ్డ మొగుణ్ణి!

యార్డులో అన్న మాట పత్తి అమ్మిన మాటంత గట్టిది. వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆ నెలలోనే పెళ్లయింది.

ఇంత గొప్ప పాట రామక్కకు మాత్రం గిట్టదు. మోగిందంటే మొహం ముడుచుకునేది, లేదా లేచి అవతలికి పోయేది. పరువు పోతుందని సిగ్గు కాబోలు అనుకునేవాడు కాశప్ప. వీణకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరినప్పుడు అదే ఖాయమనుకున్నాడు. రామక్క అతన్ని కూర్చోబెట్టి ఒట్టు వేయించుకుంది.

"వాండ్లు మర్యాదస్తులు. మగ్గాలున్న ఇల్లు. పిల్లోని తల్లి మహాదేవి నవ్వంగ చూసినోల్లు లేరంట. పిల్లోని నాయన పత్తిలో దొరికినోడు అంటే ఒక లెక్క, పిల్ల నాయన దొరికినోడంటే ఇంగో లెక్క. వీణను జీవితమంతా దెప్పుతారు. ఆ పాట నీదని నోరు తెరిస్తివా, బిడ్డ మీద ఒట్టే."

"తెరవనులేవే," అన్నాడు కాశప్ప, సొంత ఆస్తి రాసిచ్చినంత బాధతో.

ఆ దిక్కున పెళ్లి చేసేది పెళ్లికొడుకు ఇంటి దగ్గరే. ఎమ్మిగనూరులో షామియానా వేశారు. తిరుపాల్ వీణకు తాళి కట్టాడు, తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు అయ్యాయి. తిరుపాల్ తల్లి మహాదేవి ముచ్చటపడి పిలిపించిన చెక్కభజన జట్టు కాళ్లకు గజ్జెలు కట్టుకుంది. రెండు దేవుడి పాటలు పాడి మూడోది ఎత్తుకోగానే కాశప్ప నిటారుగా కూర్చున్నాడు. తన పాట! మీసం మీదికి పోతున్న చేతిని రెండో చేత్తో పట్టి ఆపుకున్నాడు.

అంతలో జట్టు నాయకుడు పాడాడు, "కోడుమూరు కిట్టప్ప దూరినాడు పత్తిలో."

కిట్టప్పా? ఎవడు కిట్టప్ప? తన మీసం, తన మూలుగు, తను యార్డులో పోగొట్టుకున్న పరువు, అన్నీ ఎవడో కోడుమూరువాడు మూట కట్టుకుపోతున్నాడు! కాశప్ప సగం లేచాడు. ఎదురుగా బాసికంతో వీణ. ఒట్టు గుర్తొచ్చి కూలబడి, తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని కొరికాడు.

"ఏమన్నా, పాట బాగలేదా?" అంది పక్కనుంచి మహాదేవి.

"బాగుంది చెల్లెమ్మా," అన్నాడు తువ్వాల్లోంచి.

జట్టు అక్కడితో ఆగలేదు. కొసన ఇంకా ఘోరం చేసింది:

కిట్టప్ప పత్తిలో కుళ్లి కుళ్లి ఏడ్వంగ
పిల్ల ఎక్కి పోయెరా బళ్లారి లారి!

జనం పడీపడీ నవ్వారు. ఎన్నడూ నవ్వని మహాదేవి కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రామక్క వైపు వంగింది. "తెలివైన పిల్ల వదినా. పత్తిలో పడినోన్ని ఎవురు చేసుకుంటారు చెప్పు?"

రామక్క లేచింది. ఎప్పటిలాగే అవతలికి పోతుందనుకున్నాడు కాశప్ప. ఆమె నేరుగా జట్టు మధ్యలోకి నడిచి, నాయకుడి చేతిలో చెక్కలు లాక్కుంది.

"నిలుపప్పా నీ పాట. ఆ కిట్టప్ప ఎవుడో నాకు తెల్దు. పత్తిలో దొరికినోడు నా మొగుడు. ఆడ కూసోని తువ్వాల కొరుకుతాండాడే, ఆయప్పే. ఆ పిల్లను నేను. నేను ఏ లారీ ఎక్కల్యా!"

షామియానాలో తలలన్నీ కాశప్ప వైపు తిరిగాయి. సంబంధం మునిగిందనుకున్నాడు కాశప్ప. వీణ మొహం చూడలేక తల దించుకున్నాడు.

"ఇంగో మాట," అంది రామక్క. "అసలు సంగతి ఆ పాట కట్టిన దేవేంద్రప్పకే తెల్దు. వినండి." చెక్కలు మోగించి ఎత్తుకుంది. ఎన్నేళ్లుగా లోపల కట్టుకుని ఉంచిందో, ఎక్కడా తడబడలేదు:

కాలు పైకి తేలితే కప్పినాను పత్తి
ఊపిరాడ సందొకటి ఉంచినాను ఒత్తి
"పొద్దాయె నాయనా, బండి తోలు" అంటి
మొగుణ్ణి నేనే మార్కెట్టుకు పంపితి!

కాశప్ప నోట్లోంచి తువ్వాలు జారిపోయింది.

"నువ్వా?" అన్నాడు లేచి. "నేనుండేది నీకు తెలుసా?"

"ఊరంతా ఇనపడేట్ల గురక పెడ్తివి, తెలీకేం? ఇంట్లో దొరికుంటే మా నాయన నీ కాళ్లు ఇరగ్గొట్టుండు. యార్డులో అంతమంది ముందర అయితే కట్టె ఎత్తలేడు, మాటకు దిగాల. మాటకు దిగితే మా నాయన పరువు కోసం ఏమైనా అంటాడని నాకు తెలుసు."

"మరి ఇన్నేండ్లు చెప్పల్యా?"

"నువ్వు అడిగితివా? పాటలో నన్ను గడప పట్టుకోని ఏడ్సేదాన్ని చేసినారు. అది మోగినప్పుడల్లా నాకు కడుపు మండేది. నువ్వేమో నీదే గొప్పని తిరిగితివి. సరేలే, మొగుని సంతోషం అని ఊరకుంటి. పోయి పోయి ఇప్పుడు నన్ను లారీ ఎక్కిస్తే ఎట్ల ఊరకుందు?"

అందరూ మహాదేవి వైపు చూశారు. ఆమె మెల్లగా లేచి, రామక్క ముందుకొచ్చి నిలబడింది. కొంగు అడ్డం పెట్టుకోవడం ఈసారి మర్చిపోయింది. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే తిరుపాలూ! ఈయమ్మ కడుపున పుట్టిన బిడ్డరా నీకు దొరికింది. ఇంటి తాళాలు ఇయ్యాల్నే ఇచ్చేస్తా." తరవాత జట్టును గద్దించింది. "మళ్ల పాడండప్పా, మొదట్నుంచి. సరిగ్గా!"

నాయకుడు బిక్కమొహంతో చెక్కలు వెనక్కి తీసుకున్నాడు. "అట్లనేమ్మా. మరి కిట్టప్పను తీసేసి కాశప్పని పెట్టాల్నా?"

కాశప్ప షామియానా మధ్యకు వచ్చాడు. ముప్పై ఏళ్లు తన అదృష్టం అనుకున్నది అదృష్టం కాదు. ఒక పిల్ల తననే కావాలనుకుని, ఊపిరాడడానికి సందు ఉంచి మరీ తెచ్చుకుంది. ఆ ఆలోచనకు అతని ఛాతీ పొంగింది. పాట మొత్తం చేజారిపోతున్నా, ఇంత గర్వం అతనికి ఏ తిరునాళ్లలోనూ కలగలేదు.

"నా పేరెందుకప్పా?" అన్నాడు, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడేలా. "రామక్క అని పెట్టు. నేను ఉత్త సరుకును. బేరం ఆయమ్మది."