సూదికనుమ దారి

శరత్తు గడచి హేమంతము తొంగిచూచు కాలము. అస్తాద్రికి చేరువైన సూర్యుని యరుణకాంతులు తూర్పుకనుమల శిఖరములపై నెత్తుటిచాఱలవలె పరచికొనగా లోయలనుండి లేచిన మంచుపొగ సూదికనుమ యను నిఱుకుత్రోవను మెల్లమెల్లగా మ్రింగుచుండెను. ఒకవంక నభముమోచు శిలాకుడ్యము, ఒకవంక నడుగు గానరాని యగాధము, నడుమ నొక్క బండికి మాత్రమే చాలిన దారి. ఆ దారిలో నా సాయంకాలము రెండు బిడారులు ఎదురెదురుగా నిలిచిపోయి ముందునకు పోజాలక వెనుకకు తిరుగజాలక వృషభముల రంకెలతోను బండివాండ్ర కేకలతోను గిరిగహ్వరములు మాఱుమ్రోగునట్లు పెనగులాడుచుండెను.

ఆ కనుమకు దిగువనున్న రాజధాని హేమపురి. ఎగువసీమలోని ధాన్యమును తేనెయు గుఱ్ఱములును ఆ కనుమ దిగి హేమపురి మీదుగా ముత్యాలరేవునకు పోవలెను. రేవున దిగిన యుప్పును పట్టుబట్టలును ఆ కనుమ యెక్కియే యెగువకు పోవలెను. ఏటేట ప్రయాణికులు పెరుగుచుండిరి గాని త్రోవ పెరుగలేదు.

ఆనాడు బండ్లనడుమ చిక్కుకొన్న యొక పల్లకీలో హేమపురాధీశుడైన త్రిలోచనవర్మకు మంత్రియగు గుండయామాత్యుని యర్ధాంగి నాగమాంబ యుండెను. నిండుచూలాలైన యామె తొలికాన్పునకై యెగువసీమలోని పుట్టినింటికి పోవుచుండగా కనుమనడుమ నొప్పులు మొదలయ్యెను. కనుమకు కావలియైన కొమ్మినాయకుడు సంగతి విని తన భటులతో పరుగున వచ్చి యెద్దులను విప్పించి బరువుబండ్లను లోయలోనికి త్రోయించి పల్లకీకి దారి చేసెను. చేసి తానే తలుపు తీసెను. తల్లియు గర్భస్థశిశువును అప్పటికే లోకాంతరగతులై యుండిరి.

గుండయామాత్యుడు బహుశాస్త్రపారంగతుడు, మితభాషి. ఉత్తరక్రియలు ముగిసినపిదప నాతడు పదిమందియెదుట కన్నీరు విడువలేదు. కనుమమొగదల నొక గుడారము వేయించుకొని యా శీతకాలమంతయు వచ్చుపోవు బండ్లను చూచుచు కూర్చుండెను. ఎక్కుబండ్లు పూర్వాహ్ణమునను దిగుబండ్లు అపరాహ్ణమునను పోవలెనని మొదట నియమించెను. కొన్నినాళ్లు మేలుగానే యుండెను గాని పిదప ఇరువైపుల కాచుకొనియున్న బండ్లబారులు ఊళ్లవఱకు సాగి దప్పికచే పశువులు కూలసాగెను. అప్పు డాతడు కొండచరియను తొలిపించి కనుమను వెడల్పుచేయుటకును, లోయయంచున పిట్టగోడ కట్టించుటకును, మజిలీమజిలీకి బావియు సత్రమును నిర్మించుటకును, హేమపురినుండి రేవువఱకు ఉప్పుచవిటినేలలపై దారిని మన్నుపోసి మెట్టచేయుటకును సంకల్పించి రాజునకు విన్నవించెను. రాజు సంతోషభరితుడై యనుమతించెను.

ఉలిదెబ్బ పడకమునుపు కొమ్మినాయకుడు మంత్రికడకు వచ్చి తలవంచి నిలిచెను.

"అయ్యా, ఈ యిఱుకే మన ఊరికి కోట. నలువదిమందితో నేను దీనిని కాచుచున్నాను. ఇది వెడల్పైననాడు నాలుగువేలమందినిచ్చినను కాయలేను."

"నాయకా, కోటలోపల బ్రతుకువారికి కోట కావలెను. దారిలో చచ్చువారికేమి కావలెను?"

పల్లకీతలుపు తీసిన చేతులు గలవాడు గాన నాయకుడు నమస్కరించి వెడలిపోయెను.

మూడు వర్షర్తువులు గడచునప్పటికి దారి సిద్ధమయ్యెను. ఏ బండియు లోయలో పడలేదు. ఏ స్త్రీయు త్రోవలో ప్రసవించి చావలేదు. ఉప్పులేని పల్లె యెగువసీమలోను, గింజలేని యిల్లు దిగువసీమలోను కానరాకుండెను. కావలితో పనిలేదని రాజు కొమ్మినాయకునికి కనుమక్రింద కొంత మాన్యమిచ్చి విశ్రాంతి కల్పించెను. జనులు గుండయామాత్యుని తమ పిల్లలకు చూపి నమస్కరింపుడని చెప్పుచుండిరి. అయినను ఆతని మనస్సులో నేదో కనరాని ముల్లు కదలుచుండెను. సత్రములలో దిగు కొందఱు బాటసారులు సరకు తేక సరకు కొనక బావులలో వేసవినాటికి నీరెంత నిలుచునని మాత్రమే యడిగిపోవుచున్నారని సత్రాధికారులు చెప్పుకొనిరి.

ఒక అపరాహ్ణమున నెగువదేశపు గుఱ్ఱములవర్తకు డొకడు మంత్రిగృహమునకు వచ్చి కానుకగా నొక జీను సమర్పించి దారిని వేనోళ్ల కొనియాడెను. మలుపులు చక్కగానున్నవనియు, వాలు కఠినముగా లేదనియు, రెండు మదగజములు పక్కపక్కన దిగినను ఒకదాని నొకటి యొరయవనియు పలికెను.

"గుఱ్ఱము లమ్మువానికి ఏనుగులతో నేమి పని?" యని మంత్రి నెమ్మదిగా నడిగెను.

వర్తకుడు చిఱునవ్వు నవ్వి సెలవు గైకొనెను. ఆతడు హేమపురిలో నొక్క గుఱ్ఱమునైనను అమ్మక వచ్చినదారినే మరలిపోయెనని తెలిసినప్పుడు వాడు దారి కొలువవచ్చిన వేగులవాడని మంత్రికి తోచెను.

వెంటనే యాతడు రాజును దర్శించి కనుమకు ద్వారమును దండును కావలెనని వేడుకొనెను. త్రిలోచనవర్మ యప్పుడు తన కుమార్తెను ఎగువదేశపు యువరాజున కీయ మాటలాడుచుండెను. వియ్యమందబోవువారి మొగముమీద తలుపు వేసినచో సంబంధము చెడునని, వివాహమైనపిదప చూతమని పలికి రాజు లేచిపోయెను.

గుండయామాత్యుడు కాలినడకన కొమ్మినాయకుని కుటీరమునకు పోయెను. ముదుసలియైన నాయకుడు చేనిగట్టుమీద కూర్చుండి యంతయు వినెను. తాను దారి వేసి తప్పుచేసితినేమోయని మంత్రి యనగా నాయకుడు తల యడ్డముగా నాడించెను.

"తప్పు కాదు తండ్రీ. ఆ దారి వెడల్పు కావలసినదే. ఆనాటి పల్లకీని నేను మఱచితినా? కాని కావలసినదెల్ల మేలే చేయునని మనకెవరు చెప్పిరి?"

పూర్వపు భటులలో బ్రతికియున్నవారిని కూడదీసి కనుమపై రాళ్లు పేర్పించెదనని నాయకుడు చెప్పెను. నగరమును తాను చూచుకొనెదనని మంత్రి చెప్పెను. నాటినుండి మంత్రి యే వీథివారు ముందు కదలవలెనో, ఉప్పువర్తకుల బండ్లలో నెవ్వరెక్కవలెనో, రేవున నెన్ని నావలు సిద్ధముగా నుండవలెనో రహస్యముగా నేర్పఱచుచుండెను. అడిగిన జనులకు వరదభయమని చెప్పగా నమ్మిరి.

మార్గశిరమున నిశ్చయతాంబూలముల నాటి ఉదయముననే కనుమనుండి పొగ లేచెను. పెండ్లివారు రాలేదు, కనుమమీదికి ఎగువదేశపు పదాతులు వచ్చిరి. త్రిలోచనవర్మ పట్టుబట్టలతోనే యుద్ధమునకు వెడలి మరల నగరము చూడలేదు. గుండయామాత్యుడు తూర్పుద్వారమున నిలిచి రోగులను వృద్ధులను చూలాండ్రను బాలింతలను ముందుగా నెక్కించి బండ్లను రేవుదారి పట్టించుచుండెను. ఒక బండియు మఱొకదానికి అడ్డుపడలేదు. మెట్టచేసిన యా మార్గమున నగరమునకు నగరమే సముద్రమువైపు ప్రవహించెను. నడినెత్తికి సూర్యుడు వచ్చువఱకు కనుమనుండి రాళ్లు దొర్లు చప్పుడు వినవచ్చుచుండెను. పిదప వినరాలేదు.

చివరిబండివాడు మంత్రిని కూడ నెక్కుమని బ్రతిమాలెను. ఆతడు వానిభుజము తట్టి పొమ్మని పంపి నిర్జనమైన రాజవీథిగుండ నొంటరిగా పడమటిద్వారమునకు నడచెను. లోకము మేలుకొఱకు తెఱచిన ద్వారమును కీడు తట్టి యడుగదు. అయినను తెఱవకుండుట యెవ్వరి తరము?

ద్వారముకడ నిలిచి యాతడు కనుమవంక చూచెను. దిగుపొద్దు వెలుగులో శత్రుసేన కేకలులేక తొందరలేక బారులు తీర్చి దిగివచ్చుచుండెను. అడుగడుగునకు నాతడే చదును చేయించిన యా దారిలో ఒక్క గుఱ్ఱమైనను తొట్రుపడలేదు.