దారం వడికిన మనిషి

ఈరమ్మ యూనివర్సిటీ గెస్ట్ హౌస్ వరండా ఊడ్చి, తడిగుడ్డ పెట్టడానికి మోకాళ్లమీద కూర్చుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొనలు కాయగాచి నున్నగా ఉంటాయి. పొద్దున ఇక్కడ ఊడ్చే పని, మధ్యాహ్నం నుంచి తార్నాక గుడిసెలో రాట్నం. ఆమె ఉన్ని వడికితే భర్త మొగిలి గొంగళ్లు నేసేవాడు. ఈ వానాకాలం మొదలయ్యాక దగ్గు అతణ్ణి మంచానికి అతికించింది.

మూడో గదిలో దిగిన సుబ్బలక్ష్మి బయటికొచ్చి పలకరించింది. మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, ఏదో సభకని వచ్చి ఈ సాయంత్రం రైలుకు వెళ్లిపోతోంది. ఇక్కడి గొంగడి ఒకటి కొందామని నిన్న బజారంతా తిరిగిందట. ఎవరు నేశారని అడిగితే దుకాణదారు నవ్వాడట. నేసినవాళ్ల చేతికి ఏమీ ముట్టని సరుకు తనకొద్దని, మనిషిని చూసి అతని దగ్గరే కొంటానని అంది.

ఈరమ్మ గుడ్డ పిండుతూ ఉండిపోయింది. ఇంట్లో ఒక్కటే గొంగడి మిగిలింది. దాన్నే మొగిలి కప్పుకొని పడుకుంటున్నాడు. తనకెవరూ తెలియదని చెప్పేసి, బక్కెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అంబలి తాగిస్తూ, మాటవరసకు ఆ సంగతి మొగిలికి చెప్పింది. అతను గిన్నె పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు.

"పొయ్యి తోల్కరా ఆమెను."

మరి కప్పుకునేదేమిటని ఆమె అడిగింది.

"నీ చీర లేదా? యాబై ఏండ్ల సంది నేస్తున్న. ఎవలు నేసిండ్రని ఒక్కలన్న అడగలే."

ఆమె సుబ్బలక్ష్మిని వెంటబెట్టుకొచ్చేసరికి మొగిలి గొంగడి దులిపి, మడతపెట్టి, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సుబ్బలక్ష్మి ఆ నల్లటి ఉన్నిమీద అరచేత్తో నిమిరింది. నేసినవారి పేరు రాసుకుంటాను, చెప్పమని ఈరమ్మను అడిగింది. భర్త పేరు పలకలేక ఈరమ్మ తలొంచుకుంది.

"మొగిలి అని రాసుకోండ్రి," అన్నాడతను. "గని దారం వడికింది ఈమె. ఈరమ్మ. ఆ పేరు గూడ రాయుండ్రి."

సుబ్బలక్ష్మి కాగితమ్మీద రెండు పేర్లూ రాసి, పైకి చదివింది. తన పేరు అలా చదవగా వినడం ఈరమ్మకు అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక కొంగు సర్దుకుంది. మీకు కప్పుకోవడానికి ఇంకోటి ఉందా అని సుబ్బలక్ష్మి అడిగితే, ఉన్నదన్నాడు మొగిలి. ఈరమ్మ కాదనలేదు. అడిగినంతా బేరమాడకుండా ఇచ్చి, ఇద్దరికీ దండం పెట్టి ఆవిడ బయల్దేరింది.

ఈరమ్మ సడకు దాకా వెళ్లి ఆవిణ్ణి బస్సెక్కించింది. వస్తూ వస్తూ మందుల షాపులో దగ్గుమందు కొన్నది. ఎన్నాళ్లకో నడకలో తొందర వచ్చింది. సీసా చూపించి ఏమంటాడో చూద్దామనుకుంది.

గుడిసెలో చప్పుడు లేదు. మొగిలి ఆమె చీర మెడదాకా కప్పుకొని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. దగ్గు ఆగిందనుకుంది. ముందు సంతోషపడింది. తర్వాత దగ్గరికి పోయి భుజమ్మీద చెయ్యి వేసింది.

పక్కింటివాళ్లు వచ్చి మొగిలి తలాపున దీపం పెట్టేదాకా ఆమె మంచం దగ్గరే కూలబడి ఉంది. ఎదురుగా మగ్గం గుంట అంచున, నేసేటప్పుడు అతను కూర్చునే గోనెపట్ట, నాలుగు మడతలుగా, నడుమ నొక్కుకుపోయి ఉంది.