తలుపు మీద అయిదు సొట్టలు

పుంగనూరులో దాసప్ప షెడ్డు ముందు కారు ఆపేసరికి హరితకు ఒళ్ళు మండిపోతూ ఉంది. కుప్పంలో ఆరేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసి కొనుక్కున్న కారు. సోమల దగ్గరి తమ పల్లెకు తెచ్చి ఒక్క పూట ఉంచితే, ఎడమ తలుపు మీద అయిదు సొట్టలు!

పక్క సీట్లో తండ్రి మునెప్ప దారిపొడవునా ఒకటే పాట. "ఎవురడిగినా టమోటా క్రేట్లు పడినాయని సెప్పమ్మా. ఊరికే రచ్చ యాల?"

దాసప్ప రంగు పోకుండా సొట్టలు తీసే మనిషి. తలుపు సందులోంచి వంపు కడ్డీ దూర్చి, రేకును లోపలినుంచి కొంచెం కొంచెంగా బయటికి నెడతాడు. రెండు సొట్టలు తీసి, మూడోదాని దగ్గర ఆగాడు.

"క్రేటు పడింటే పెయింటు గీసుకుపోతాది. ఇవి సూడు, గుండ్రంగా ఉండాయి, అన్నీ ఒకే ఎత్తులో. ఎవుడో నిలబడి పొన్నుకర్రతో పొడిసినాడమ్మా."

మునెప్ప తల దించుకున్నాడు. పల్లెలో కొనకు గుండ్రటి ఇత్తడి తొడుగున్న పొన్నుకర్ర పట్టుకుని తిరిగేది ఒక్క భీమరావే. ఆయన పొలంలో మునెప్ప ముప్పయ్యేళ్ళు కూలి చేశాడు. హరిత కారు పెట్టింది ఆయన అరుగు ముందరే. ఆ వీధి ఏమన్నా ఆయన తాత సొత్తా?

"నువ్వు సూసినావా నాయినా?"

"సూసినా. నా ఎదురుగానే పొడిసినాడు. 'నా అరుగు ముందర కూలోళ్ళ కారా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"తప్పయింది సామీ అన్నా."

హరితకు అరికాలి మంట నెత్తికెక్కింది. భీమరావు మీదకన్నా తండ్రి మీదే ఎక్కువ కోపం వచ్చింది. పొడిచినవాడు దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, దెబ్బ తిన్నవాళ్ళు మచ్చ కనపడకుండా దాచుకోవాలా?

"అన్నా, ఇంక తియ్యద్దు."

"ఇంకా మూడు ఉండాయి కదమ్మా?"

"ఉండనీ. అడిగినోళ్ళకంతా పేరు పెట్టి సెప్తా."

మునెప్ప బతిమాలాడు, కసిరాడు, చివరికి కారెక్కాడు.

పల్లెలో హరిత కారును మళ్ళీ ఆ అరుగు ముందే ఆపింది, ఎడమ తలుపు అరుగు వైపు ఉండేలా. భీమరావు కర్ర పట్టుకుని ఎగిరిపడుతూ వచ్చాడు.

"ఏమిరా మునెప్పా, సెప్పింది బుర్రకెక్కలేదా?"

హరిత దిగబోతే తండ్రి చెయ్యి పట్టి ఆపాడు. మళ్ళీ తప్పయింది సామీ అంటాడు కాబోలు అనుకుంది ఆమె.

మునెప్ప కూర్చున్న చోటినుంచే చెయ్యి చాచి హారన్ నొక్కాడు. ఇళ్ళల్లోంచి జనం వీధిలోకి వచ్చేదాకా చెయ్యి తీయలేదు. తర్వాత దిగి, ఆ తలుపు పక్కనే నిలబడ్డాడు.

"అందరూ ఇనండప్పా. నా బిడ్డ కారును పొడిసింది ఈ భీమరావే. నేను కండ్లారా సూసినా."