తీర్పుకు ముందే బయటపడ్డ వాక్యం

కోర్టుల మీద చెణుకులు రాసే ‘బెంచీ కింద’ బ్లాగును మా ఊళ్లో చదవని లాయరు లేడు, చదువుతానని ఒప్పుకునే జడ్జి లేడు. ఆ ఆదివారం దాని కింద పేరు చెప్పకుండా ఎవరో ఒక వ్యాఖ్య పెట్టారు. మంచు కాలంలో అద్దెకున్నామెను బయటికి నెట్టి తాళం మార్చిన ఇంటి యజమాని గురువారం ఓడిపోతాడట. పైగా తీర్పులో ఈ మాట ఉంటుందట: “తాళం మార్చిన చేతికి బయటి చలి తెలియదు.”

ఆ తీర్పు చిత్తుప్రతి చూసినవాళ్లం ముగ్గురమే. జడ్జి హాస్కిన్ గారు, ఆయనకి తీర్పులు రాసిపెట్టే లా క్లర్కులం డెస్మండ్, నేను. రాసింది డెస్మండ్. శుక్రవారం నేను తప్పులు దిద్దినప్పుడు ఆ వాక్యం లేదు. అంటే తర్వాత వాడే చేర్చి ఉండాలి. భోజనాల వేళ ఆ బ్లాగు చదివి నవ్వేదీ వాడే. నేను వెళ్తే ఫోను బోర్లా పెట్టేదీ వాడే. ఇంకేం కావాలి?

సోమవారం జడ్జిగారు మమ్మల్ని విడివిడిగా పిలిచారు. గుట్టు బయటపెట్టినవాళ్లకి లాయరు లైసెన్సు రాదు. నా లైసెన్సు దరఖాస్తు ఆయన సిఫారసు ఉత్తరం కోసమే ఆగి ఉంది. ఎవరని ఆయన అడిగారు. డెస్మండ్ అన్నాను.

మంగళవారం వాడు అట్టపెట్టెలో సామాను సర్దుకున్నాడు. నా బల్ల దగ్గర ఆగాడు.

“ఉత్తరం సంగతి ముసలాయనకి గుర్తు చేస్తుండు మారిట్. మర్చిపోతాడు.”

అతి వినయం ధూర్త లక్షణం అనుకున్నాను.

వాడు లేడు కాబట్టి దిద్దుబాట్లు టైపు చేసే పని నాకొచ్చింది. శుక్రవారం సాయంత్రం జడ్జిగారు ఇంటికి తీసుకెళ్లి, సోమవారం తెచ్చిన కాగితాలవి. ఏడో పేజీ అంచున పెన్సిలుతో, ఆయన వంకర అక్షరాల్లో ఉంది ఆ వాక్యం. వ్యాఖ్య పడిన ఆదివారానికి డెస్మండ్ ఆ పేజీని చూసే వీలే లేదు.

కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“రాసింది మా ఆవిడకి చదివి వినిపించడం ముప్పై ఏళ్ల అలవాటు. ఆవిడకి ఆ బ్లాగంటే సరదా.”

“మీకు ముందే తెలుసా సర్?”

“సోమవారం పొద్దున్నే తెలుసు.”

“మరి డెస్మండ్‌ని ఎందుకు పంపేశారు?”

“నువ్వు పేరు చెప్పావుగా. రుజువు నేనడగలేదు, నువ్వూ ఇవ్వలేదు.”

ఆయన మీద అసహ్యం వేసింది. ఆ మాట పైకి అనేలోపే ఆయన సొరుగులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టారు. లైసెన్సు బోర్డుకి నా గురించి రాసిన ఉత్తరం.

“డెస్మండ్‌ని కూడా ఇదే అడిగాను. తెలియకుండా మనిషి పేరు చెప్పలేనన్నాడు,” అన్నారు.

నేను కవరు తీసుకున్నాను. ఏడో పేజీ ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.