వెనక గోడ

పొద్దున్నే వ్యాను తలుపు బర్రున లాగి, పిల్లల సంచులు అందుకుని, ఒక్కొక్కరినీ సర్ది కూర్చోబెట్టే డ్రైవర్ని మీరూ మీ వీధిలో చూసే ఉంటారు. అతని సొంత బిడ్డ ఏ బడికి పోతుందని మనలో ఎవరమూ అడగం. ఈ డ్రైవరు వీధిలో వ్యాను పెట్టుకోగల వాళ్ల పిల్లల్ని రోజూ ఊరి అవతల ఉన్న పెద్ద ప్రభుత్వ బడికి చేరుస్తాడు. అతని కూతురు మాత్రం అదే వేళకు చెప్పులు ఈడ్చుకుంటూ వీధి చివరి బడికి నడిచిపోయేది.

వీధి చివరి బడి కూడా ప్రభుత్వానిదే. కానీ అక్కడ నాలుగు, అయిదు తరగతులకు ఒకటే గది, ఒకటే పంతులమ్మ. నాలుగో తరగతి ముందు గోడకు, అయిదో తరగతి వెనక గోడకు ముఖం పెట్టి, వీపులు ఆనించుకున్నట్టు కూర్చుంటారు. పంతులమ్మ ఈ గోడ దగ్గర కాసేపు, ఆ గోడ దగ్గర కాసేపు చెబుతుంది. ఆమె అటు వెళ్లగానే ఇటువాళ్లు తల వంచుకుని ఎక్కాలు రాసుకోవాలి. ఎవరైనా అటు చెవి పెడితే ఆ చెవే మెలిపెడుతుంది. ఆమెను మాత్రం ఏమనగలం? ఉన్నది ఒక్క గొంతు.

ఆ ఏడు విద్యాశాఖ ఒక వెసులుబాటు ఇచ్చింది. వెనకబడ్డ బడిలోని పిల్లల్ని, సీటు ఉంటే, మరో ప్రభుత్వ బడికి మార్చుకోవచ్చు. రాకపోకల బాధ్యత మాత్రం తల్లిదండ్రులదే. డ్రైవరుకు చేతిలో వ్యాను ఉంది. నాలుగో తరగతిలో ఉన్న కూతుర్ని మార్చేశాడు.

మర్నాటి నుంచి వీధి వీధంతా అతనికి ముఖం చాటేసింది. పక్కింటి దర్జీ ఆవిడ కొడుకు కూడా అదే గదిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. నిన్నటిదాకా తమ్ముడూ అని నోరారా పిలిచిన మనిషి, ఇప్పుడు మిషను తొక్కుతూనే నలుగురికీ వినబడేలా అంది.

"వ్యాన్లున్నోళ్లు వెళ్లండయ్యా. మేం ఈ కుట్టుమిషనెక్కి వస్తాంలే."

"నా బిడ్డ బాగుపడితే నీకెందుకక్కా కడుపుమంట?" అన్నాడతను.

"మంట కాదు, భయం. నీలాంటోళ్లు నలుగురు పోతే పిల్లలు తక్కువయ్యారని ఉన్న పంతులమ్మని కూడా పీకేస్తారు. అప్పుడు నా కొడుక్కి నువ్వొచ్చి చెబుతావా?"

అతను హారను గట్టిగా మోగించి వెళ్లిపోయాడు. ఎవరి బిడ్డను వాళ్లు చూసుకోవాలి, తప్పేముందని దారంతా గొణుక్కున్నాడు.

రెండో వారంలో కొత్త బడి టీచరు అతన్ని వరండాలోకి పిలిపించింది. కూతురు ఓ పక్కన గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది. డిక్టేషన్ చెబితే ఈ పిల్ల కొంత రాసి, మధ్యలో కలం ఆపేసి, తల వంచుకుని తన లోకంలో తను ఉంటుందట. మందలించినా అంతేనట. ఆ బడి నుంచి వచ్చేవాళ్ల సంగతి తమకు తెలుసునని కూడా ఆమె అంది. నెలాఖరుదాకా చూసి వెనక్కి పంపేస్తామంది.

అతని తల కొట్టేసినట్టయింది. వీధి మొత్తంతో తగువు పెట్టుకుని తెచ్చిన సీటు. కూతురి రెక్క పట్టుకుని గుంజాడు.

"ఎందుకే రాయట్లేదు?"

"రాశాను నాన్నా. మేడం ముందు నిలబడి చెప్పినవన్నీ రాశాను."

"మరి మిగతావి?"

"అవి వెనక్కెళ్లి చెప్పింది."

"వెనక్కెళ్తే?"

పిల్ల వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంత తెలిసిన సంగతి పెద్దవాళ్లెందుకు అడుగుతున్నారో దానికి అర్థం కాలేదు.

"వెనక నుంచి చెప్పేది అయిదో క్లాసుకి కదా."

అతని చేయి వదులైంది. టీచరుకు రెండు గోడల సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. గది అంతా తిరుగుతూ పాఠం చెప్పడం ఆమె అలవాటు. అంతా విని, గొంతులో గరుకు తగ్గకుండానే, "రేపట్నుంచి చివరి బెంచీలో కూర్చో. నీ వెనక గోడ తప్ప ఇంకేం ఉండదు" అంది.

కూతురు గట్టెక్కింది. కానీ ఖాళీ వ్యాను తోలుకుంటూ వస్తుంటే దర్జీ ఆవిడ కొడుకే అతని కళ్లల్లో మెదిలాడు. సగం మాటలు తనవి కావని వాడూ ఈపాటికి నేర్చేసుకుని ఉంటాడు. చదువు నేర్పాల్సిన గది, వినకపోవడం నేర్పింది. ఆ గదిలోంచి తన ఒక్క బిడ్డను లాక్కుని, తను చేతులు దులుపుకుని వచ్చేశాడు.

నేరుగా ఆవిడ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆవిడ తలెత్తలేదు. అతను జరిగిందంతా చెప్పాడు. చెబుతుండగానే మిషను ఆగిపోయింది.

"వ్యాను ఖాళీగానే ఉందిగా" అంది చివరికి. "పద, ఆఫీసుకి."

వ్యాను పట్టినంతమంది తల్లిదండ్రులు ఎక్కారు. దారిలో డ్రైవరుకు తిట్లు తప్పలేదు. విద్యాధికారి వాళ్లను కూర్చోమని కూడా అనలేదు. బడి నచ్చకపోతే మార్చుకోమని అవకాశం ఇచ్చాం కదా, ఇంకేం కావాలని విసుక్కున్నాడు. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. దర్జీ ఆవిడ చేత్తోనే వాళ్లను ఆపి, డ్రైవరును ముందుకు నెట్టింది.

అతను తడబడుతూనే మొదలుపెట్టాడు. "నా కూతుర్ని మార్చుకున్నాను సార్. నాకు వ్యాను ఉంది కాబట్టి. వీళ్లకి లేదు. ఉన్నా, ఆ బడిలో అందరికీ చోటు లేదు. దారి ఉన్నవాడు తప్పించుకోవడానికి పనికొచ్చేది అవకాశం ఎట్లా అవుతుంది? నలభైమంది పిల్లల్ని బడి మార్చుకోమంటున్నారు. దానికన్నా ఒక్క టీచర్ని ఆ బడికి మార్చండి."